పేటెంట్ వస్తే కంపెనీలు క్యూ కడతాయా? కొత్త వస్తువు కనిపెట్టినవాళ్ల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ బాలానగర్‌లో మాది చిన్న ప్రోటోటైప్ వర్క్‌షాప్. కొత్తగా ఏదైనా కనిపెట్టామంటూ వచ్చేవాళ్లకు మొదటి నమూనా చేసిపెట్టడం మా పని. ఈ మధ్య చాలామంది చేతిలో వస్తువు ఉండటం లేదు, ఫైలు ఉంటోంది. అందులో లామినేషన్ చేయించిన కాగితం. "పేటెంట్ వచ్చేసింది సార్" అంటారు. తీరా చూస్తే అది ఫీజు కట్టిన రసీదు. దరఖాస్తు నంబరు, తేదీ, కట్టిన మొత్తం, అంతే. పేటెంట్ రావాలంటే ఇంకా పరిశీలన, అభ్యంతరాలు, వాటికి జవాబులు, ఇంత తతంగం ఉంది.

అపోహ: పేటెంట్ ఉంటే చాలు, కంపెనీలే వెతుక్కుంటూ వస్తాయి.

వాస్తవం: రావు. జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, అందుకే దీని గురించి కాస్త గట్టిగానే చెబుతున్నా. పేటెంట్ ఇచ్చే హక్కు ఒక్కటే: మీ అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని తయారు చేయకుండా, అమ్మకుండా ఆపడం. అది కూడా దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, మన దేశం వరకే. ఆ వస్తువు ఎవరికైనా కావాలా, ఎంతకు కొంటారు అన్నది పేటెంట్ ఆఫీసు చూడదు.

పీఎఫ్ డబ్బు తీసి, ఇంట్లో బంగారం కుదువపెట్టి పూర్తి దరఖాస్తు, దాని వెనకే విదేశీ దరఖాస్తు వేసినవాళ్లు నమూనా దగ్గరికి వచ్చేసరికి ఖాళీ చేతులతో నిలబడతారు. వాళ్లను చూస్తే కోపం రాదు, బాధేస్తుంది. వరస చెప్పినవాళ్లు లేకపోయారు.

వరస ఇదీ. ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయండి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు, దరఖాస్తు రాసిపెట్టే పేటెంట్ ఏజెంటు ఫీజు వేరు. ఐడియా మీద ముందు దరఖాస్తు వేసింది మీరేనని చెప్పే తేదీ ఖాయమవుతుంది. పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు ఉంటుంది. ఆ గడువులోనే నమూనా చేయించి, మొహమాటం లేనివాళ్ల చేతికిచ్చి వాడించి, ఖర్చు లెక్క కట్టాలి. లెక్క కుదిరితేనే పెద్ద ఖర్చులోకి దిగండి. ఒక జాగ్రత్త: ప్రొవిజనల్‌లో రాసినదానికే ఆ తేదీ వర్తిస్తుంది. నాలుగు ముక్కలు గీకి పడేస్తే తర్వాత చేర్చినవాటికి ఆ రక్షణ ఉండదు.

చేనేత చీరకు నేతకు ముందు నూలు ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి సంగతి చాలామందికి తెలుసు. యంత్రం 1999లో తయారైంది, పేటెంట్ 2011లో వచ్చింది, పద్మశ్రీ 2017లో. చీరకు వేల సార్లు చెయ్యి ఆడించలేక తల్లి భుజాలు నొప్పులు పడుతుంటే చూసి మొదలుపెట్టిన పని అది. ఎవరికి కావాలో ముందే తెలుసు. ఇది చదివి, ముందు అమ్మేసి తర్వాత పేటెంట్ చూసుకుందాం అనుకునేరు. దరఖాస్తు వేయకముందే బహిరంగంగా అమ్మితే కొత్తదనం పోయిందని తిరస్కరించే ప్రమాదం ఉంది.

అపోహ: ఎవరికి చూపించినా ఐడియా కొట్టేస్తారు.

ఖమ్మం వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఎండు మిరపకాయల తొడిమలు తీసే యంత్రం. "ముందు బాండ్ పేపర్ మీద సంతకం పెట్టు బాబూ" అన్నాడు. పెట్టాను. అయినా డ్రాయింగ్ మడత విప్పడే! "బాబాయ్, చూడకుండా రోలర్ ఎట్లా కోయమంటావు?" అంటే అప్పుడు సగం విప్పాడు. తర్వాత మాటల్లో తేలింది: మేనల్లుడు తీసిన వీడియో అప్పటికే యూట్యూబ్‌లో ఉంది, దరఖాస్తు మాత్రం వేయలేదు. మాకు దాచిందల్లా ఊరంతా చూసేసింది. చివరికి వీడియోలో లేని భాగం, కాయ సైజును బట్టి రోలర్ల మధ్య సందు సర్దే ఏర్పాటు, దాని మీద ఏజెంటుతో దరఖాస్తు వేయించుకున్నాడు.

భయం తప్పు కాదు. దరఖాస్తు వేసి, గోప్యత ఒప్పందం రాయించుకుని, అవసరమైనవాళ్లకు చూపించండి. వాట్సాప్ స్టేటస్‌లో మాత్రం పెట్టకండి.

అపోహ: తయారీ ఖర్చు 320, అమ్మేది 590. మిగిలినదంతా లాభమే.

18 శాతం జీఎస్టీ పడే వస్తువు అనుకుందాం. 590లో పన్ను పోగా 500. షాపువాడు 30 శాతం అంటే 150, డిస్ట్రిబ్యూటర్ 10 శాతం అంటే 50 తీసుకుంటే మీ చేతికొచ్చేది 300. ప్యాకింగ్, రవాణా, విరిగిపోయినవి ఇంకా లెక్కే వేయలేదు, అప్పటికే 20 నష్టం. ఈ లెక్క వేయకముందే లక్షలు పోసి ఇంజెక్షన్ మోల్డ్ (ప్లాస్టిక్ వస్తువులు వేలల్లో పోసే ఉక్కు అచ్చు) చేయించకండి. త్రీడీ ప్రింట్ చాలు. ఓ ఇరవై పీసులు కావాలంటే సిలికాన్ మోల్డ్‌లో పోసి ఇస్తాం.

మిగతావి గబగబా. ప్రపంచ పేటెంట్ అనేది లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉన్నా అది చాలా దేశాలకు కలిపి దరఖాస్తు వేసే దారి మాత్రమే, ఏ దేశానికి ఆ దేశం ఫీజు కట్టాల్సిందే. పేటెంట్ వేయడానికి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అక్కర్లేదు. కంపెనీ పెడితే అమ్మకం లేకపోయినా ఏటా ఆడిట్, రిటర్నులు మీ నెత్తినే పడతాయి. దరఖాస్తు 18 నెలలకు పేటెంట్ ఆఫీసు జర్నల్‌లో ప్రచురితమవుతుంది, ఆ తర్వాత "మీ ఐడియాను పెద్ద కంపెనీలకు అమ్మిపెడతాం, ముందు యాభై వేలు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే ఫోన్ పెట్టేయండి.

మా దగ్గరికే రావాలని లేదు. హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్, తెలంగాణ ప్రభుత్వ ప్రోటోటైప్ కేంద్రం ఉంది, అక్కడ మిషన్లున్నాయి. ఎక్కడికి వెళ్లినా అట్టముక్కలు, ఫెవికాల్‌తో అతికించిందైనా సరే, చేత్తో పట్టుకునే నమూనా ఒకటి తీసుకెళ్లండి. కొలతలు మిల్లీమీటర్లలో రాసుకోండి. ఇన్ని పీసులకు ఇంత అని రేటు చెప్పాలంటే ఎవరైనా ముందు అడిగేది అదే.