గంప కింద పెట్ట, పంజరంలో చించిల్లా

మా అమ్మమ్మ సంత నుంచి కొత్త పెట్టను తెస్తే నేరుగా కోళ్లలో వదిలేది కాదు. పెరట్లో గంప బోర్లించి, దాని కింద రెండు మూడు రోజులు మూసి ఉంచేది. పాత కోళ్లు ఆ గంప చుట్టూ తిరిగేవి, సందుల్లోంచి పొడవబోయేవి. మూడో రోజుకి వాటి కోపం చల్లారేది. అప్పుడు గంప ఎత్తేది. భీమవరంలో మా మేనల్లుడు తన చించిల్లాకు (ఉడతలా కొరుక్కు తినే, దట్టమైన మెత్తటి బొచ్చున్న చిన్న పెంపుడు జంతువు) జోడీ తెచ్చినప్పుడు నాకు ఆ గంపే గుర్తొచ్చింది. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

"మావయ్యా, మగదాన్ని ఆడదాని పంజరంలో పెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు, గుప్పెడు బొచ్చు ఊడొచ్చేసింది" అని ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే పంజరం అడుగున బూడిద రంగు దూది పరిచినట్టుంది. మగదాని నడుం మీద రూపాయి బిళ్లంత మేర చర్మం నున్నగా బయటపడింది. చెవి అంచు చిరిగి నెత్తురు గడ్డకట్టింది. ఆడది వెనక కాళ్ల మీద నిలబడి పళ్లు కటకటలాడిస్తోంది.

ఆ బొచ్చు ఊడటం జబ్బు కాదు. చించిల్లా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడ నక్కో గుడ్లగూబో పట్టుకుంటే బొచ్చు దాని నోట్లో వదిలేసి తప్పించుకుంటుంది. చర్మానికి దెబ్బ తగలదు, కొన్ని వారాల్లో మళ్లీ మొలుస్తుంది. చెవి సంగతి అలా కాదు, అది కొరుకుడు. నెత్తురు కనిపించిందంటే వెంటనే విడదీసి, వైద్యుడికి చూపించాలి.

ఆడదానికి అంత కోపం ఎందుకొచ్చింది? చించిల్లాల్లో మగదానికంటే ఆడది పెద్దది, పెత్తనమూ దానిదే. దాని పంజరంలో ప్రతి మూలా దాని వాసనే ఉంటుంది. అందులోకి పరాయి వాసన వస్తే పొమ్మంటుంది. ముందు అరుస్తుంది, తర్వాత నిలబడి మూత్రం చిమ్ముతుంది, అప్పటికీ వినకపోతే కొరుకుతుంది. పైగా ఆడది ఎదకొచ్చేది నెలకో, నెలన్నరకో ఒకసారి, అదీ కొద్ది రోజులే. మిగతా రోజుల్లో జననాంగం ఒక పొరతో మూసుకుపోయి ఉంటుంది. అలాంటప్పుడు మగది దాని కంటికి జోడీ కాదు, ఇంట్లోకి దూరినవాడు.

అందుకే పరిచయం ముందు ముక్కుతో జరగాలి. కొత్తదాన్ని మూడు నాలుగు వారాలు వేరే గదిలో ఉంచి, రోగాలేవీ లేవని తేలాక రెండు పంజరాలూ పక్కపక్కన పెట్టాలి. మధ్యలో బెత్తెడు జాగా వదలాలి. లేకపోతే ఊచల్లోంచి కాలివేళ్లు కొరికేస్తాయి. ఒకదాని దుమ్ముగిన్నె రెండోదానికి ఇస్తూ ఉండాలి. మన కోళ్లు బూడిద గుంటలో పొర్లినట్టే ఇవి కూడా సన్నటి అగ్నిపర్వత ధూళిలో పొర్లి బొచ్చులోని జిడ్డు వదిలించుకుంటాయి. (గోదావరి ఇసుక పనికిరాదు, దాని రేణువులు మరీ మోటు.) ఆ ధూళితో పాటే ఒకదాని వాసన రెండోదానికి అంటుకుంటుంది. కొన్నాళ్లకు పంజరాలే మార్చేయాలి, దీని చోట్లో అది, దాని చోట్లో ఇది.

రెండూ పక్కపక్క మూలల్లోకి జరిగి నిద్రపోతున్నాయంటే సగం పని అయినట్టే. అప్పుడు ఇద్దరిదీ కాని కొత్త చోట, మనం పక్కనే కూర్చుని వదలాలి. కాస్త తరుముకోవడం, ఒకదాని మీద ఒకటి ఎక్కడం మామూలే, దానికి టెన్షన్ పడక్కర్లేదు. బొచ్చు గుత్తులుగా ఊడుతున్నా, ఒకటి మూలకు చేరి బయటికి రాకపోయినా ఆ రోజుకి ఆపేయాలి. మావాడి జంటకు రెండోసారి దాదాపు రెండు నెలలు పట్టింది. నా దృష్టిలో అది ఎక్కువేమీ కాదు.

మన డెల్టాలో ఇంకో పెద్ద చిక్కు ఎండ. చించిల్లాకు ఒక్కో రంధ్రం నుంచి 50కి పైగా వెంట్రుకలు మొలుస్తాయి. చల్లటి పొడి కొండగాలికి తగిన కోటు అది. 25 డిగ్రీలు దాటితేనే వాటికి ఇబ్బంది మొదలవుతుంది, 30 దగ్గర వడదెబ్బతో చచ్చిపోవచ్చు. వాటికి చెమట పట్టదు కాబట్టి ఫ్యాను గాలి మనల్ని చల్లబరిచినట్టు వాటిని చల్లబరచదు. మన ఉక్కకు ఆ దట్టమైన బొచ్చు తడి పీల్చుకుని చర్మానికి బూజు తెగుళ్లు పడతాయి. రాత్రింబవళ్లు ఏసీ నడపలేనివాళ్లు, కరెంటు పోతే ఏం చేయాలో ముందే చూసుకోనివాళ్లు ఇక్కడ చించిల్లా పెంచవద్దని నా గట్టి మాట.

జత కట్టించే ముందు వంశమూ చూడాలి. బొచ్చు కోసం వేటాడి వీటిని దాదాపు తుడిచిపెట్టేశాక, 1923లో మథియాస్ చాప్‌మన్ అనే గనుల ఇంజనీరు కొద్దిపాటి చించిల్లాలను చిలీ నుంచి అమెరికాకు తీసుకెళ్లాడు. ఈనాటి పెంపుడు చించిల్లాల్లో చాలావరకు వాటి సంతతే. తెల్లదాన్ని తెల్లదానితో, వీపు ముదురు రంగులో ఉండే వెల్వెట్ రకాన్ని వెల్వెట్ రకంతో కలిపితే, రెండు వైపుల నుంచీ ఆ జన్యువు అందిన పిండం కడుపులోనే పోతుంది. జీవితాంతం పెరిగే పళ్లు వంకరపోయే లోపం కూడా వంశంలో దిగుతుంది. తల్లిదండ్రుల సంగతి తెలియని జంతువుతో పిల్లల్ని పుట్టించకూడదు. తోడు మాత్రమే కావాలంటే రెండు ఆడవాటినో రెండు మగవాటినో కలిపి పెంచుకోవచ్చు, పరిచయానికి పద్ధతి అదే.

గర్భం 111 రోజులు. అంత చిన్న జంతువుకు అది చాలా పొడుగు కాలం. అందుకే పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి, గంటల్లో నడుస్తాయి. అయితే ఈనిన ఒకటి రెండు రోజుల్లోనే తల్లి మళ్లీ ఎదకొస్తుంది. మగది పక్కనే ఉంటే పాలిస్తున్న ఒంటితోనే ఇంకో చూలు మొదలవుతుంది.

నవంబరు 12 ఉదయం మావాడికి పంజరం అడుగున మైనం ముక్కలాంటిది దొరికింది. జత కట్టాక రాలిపడేది అదే. గోడ క్యాలెండర్‌లో ఆ రోజు నుంచి లెక్కపెట్టి మార్చి 3 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. దానికి పది రోజుల ముందు ఇంకో సున్నా చుట్టి, పక్కన "మగదాన్ని తీసేయాలి" అని రాసుకున్నాడు.