రాయి కింద పాము ఉందో లేదో

మొన్న ఒక శనివారం మా ఆవిడకు లివర్ ఎంఆర్ఐ తీశారు. అంతకుముందు అల్ట్రాసౌండ్‌లో చిన్న మచ్చ కనిపించింది. అదేమిటో తేల్చుకుందామని డాక్టరు గారు రాశారు. హిమాయత్‌నగర్ స్కానింగ్ సెంటర్ కౌంటర్లో "రిపోర్ట్ సోమవారం సాయంత్రం సార్" అన్నారు. రిపోర్ట్ బాగానే వచ్చింది. ముందే చెప్పేస్తున్నాను, మిమ్మల్ని కూడా చివరిదాకా ఆ టెన్షన్‌లో ఉంచడం నాకిష్టం లేదు. నేను రాయాలనుకున్నది ఆ మధ్య రెండు రోజుల గురించి.

ఆదివారం తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చింది. "చెడ్డదైనా సరే, ఏదో ఒకటి తెలిసిపోతే బాగుండు" అనిపించింది. వెంటనే సిగ్గేసింది. కట్టుకున్న భార్య విషయంలో అలా ఎలా అనుకున్నాను? తర్వాత చదువుతుంటే దీనికి జవాబు లాంటిది దొరికింది.

2016లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాయి కనిపిస్తుంది. దాని కింద పాము ఉందో లేదో ఊహించాలి. పాము ఉంటే చేతికి నొప్పి పుట్టేలా కరెంట్ షాక్ తగులుతుంది. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతన్నది ఆట సాగేకొద్దీ మారిపోతూ ఉంటుంది. ఆడేవాళ్ల చెమటను, కంటిపాప పెద్దదవడాన్ని కొలుస్తూ పోయారు. షాక్ ఖాయమని తెలిసినప్పటికంటే, సగం సగం అవకాశం ఉన్నప్పుడే వాళ్ల ఒత్తిడి ఎక్కువగా ఉంది!

ఈ సగం దగ్గర ఒక లెక్క దాగి ఉంది, నాకు అదంటే ఎంతో ఇష్టం. తెలియనితనాన్ని బిట్ అనే కొలతతో లెక్కపెట్టొచ్చని 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త చూపించాడు. బొమ్మా బొరుసా అన్నప్పుడు మనకు తెలియనిది సరిగ్గా ఒక బిట్. ఒక వైపు 90 శాతం ఖాయమైతే అది 0.47 బిట్‌కు పడిపోతుంది. 99 శాతమైతే 0.08. గీత గీసి చూస్తే కుతుబ్‌షాహీ సమాధి గుమ్మటంలా ఉంటుంది. రెండు అంచుల్లో సున్నా, సగం సగం అవకాశం ఉన్న నడినెత్తిన ఒక బిట్. "తప్పకుండా చెడు" అన్నది కూడా ఆ గుమ్మటం అంచునే ఉంటుంది. మూడింటికి నా మనసు వెతుక్కున్నది చెడును అయ్యుండదు, ఏదో ఒక అంచును.

ఆ ఆటలో ఇంకో సంగతి ఉంది. ఎవరి ఒత్తిడి తెలియనితనంతో పాటు పెరిగి తగ్గిందో, వాళ్లే పాముల్ని బాగా ఊహించారు. అంటే ఆ కంగారు నేర్చుకోవడానికి పనికొచ్చే సాధనం. కానీ స్కాన్ తీసేశాక మనం తిప్పి చూడగల రాయి ఒక్కటీ ఉండదు. అందుకే రాళ్లు మనమే తెచ్చుకుంటాం. నేను ఆ రాత్రి ఫోన్‌లో "లివర్ మీద మచ్చ" అని కొట్టాను. ఒక పేజీలో పాము లేదు, తర్వాతి దాంట్లో ఉంది. తిప్పిన ప్రతి రాయీ నన్ను మళ్లీ గుమ్మటం నడినెత్తికే ఎక్కించింది.

పైగా "ఉందా, లేదా" అని రెండే మాటలు కాబట్టి చెరి సగం అనుకుంటాం. బడిలో సంభావ్యతను నాణేలతో, పాచికలతో మొదలుపెట్టి అక్కడే ఎక్కువసేపు ఆగిపోవడం వల్ల వచ్చిన చిక్కు ఇదని నా నమ్మకం. జబ్బు నాణెం కాదు. "ఇలాంటి మచ్చ ఉన్న వంద మందిలో ఎంతమందికి ప్రమాదం లేనిదని తేలుతుంది డాక్టరు గారూ?" అని శనివారమే అడగాల్సింది. లివర్‌లో వచ్చే హానిలేని గడ్డల్లో అన్నిటికంటే మామూలుది హిమాంజియోమా, రక్తనాళాల ముద్ద. మా ఆవిడకు తేలింది అదే.

అది తేలే తీరు చూడండి. నరంలోకి గడోలినియం మందు ఎక్కించి, కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా అదే లివర్‌ను మళ్లీ మళ్లీ తీస్తారు. హిమాంజియోమాలో మందు ముందు అంచుల్లో ముద్దలు ముద్దలుగా మెరిసి, మెల్లగా లోపలికి నిండుతుంది. లివర్‌లోనే పుట్టే కేన్సర్ చాలావరకు మొదట్లోనే మెరిసి, తర్వాత చుట్టుపక్కల లివర్ కంటే వెలిసిపోతుంది. రేడియాలజిస్టు వందల బొమ్మల్లో ఈ వరసను పోల్చి చూడాలి. "రిపోర్ట్ ఆలస్యమైందంటే చెడ్డదే" అనడం బల్లి పలికిందని భయపడటం లాంటిదే.

మా అత్తగారు చిలుకూరు బాలాజీకి మొక్కుకున్నారు. కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరాక నూటెనిమిది. శనివారం తీసిన బొమ్మ ఆదివారం ప్రదక్షిణలతో మారదు, ఆ మాట నేను ఆవిడతోనూ అన్నాను. కానీ లెక్క తప్పకుండా నడుస్తున్నంతసేపు ఆవిడ మొహంలో కంగారు లేదు. కాలిఫోర్నియాలో కేట్ స్వీనీ అనే మనస్తత్వవేత్త లా పరీక్ష ఫలితాల కోసం నాలుగు నెలలు ఎదురుచూసిన వాళ్లను గమనించింది. ఆందోళన తగ్గించుకోవాలని వాళ్లు చేసిన ప్రయత్నాలు పెద్దగా పనిచేయలేదు. మనసు పూర్తిగా లీనమయ్యే పనులు మాత్రం కొంత ఊరటనిస్తాయని ఆమె తర్వాతి పరిశోధనలు చెప్పాయి. మేమిద్దరం ఆదివారం రెండు కిలోల చిక్కుడుకాయలకు ఈనెలు తీశాం.

2006లో జేమ్స్ కోన్ అనే అమెరికా మనస్తత్వవేత్త బృందం 16 మంది పెళ్లయిన స్త్రీలను ఎంఆర్ఐ యంత్రంలోనే పడుకోబెట్టి, షాక్ తగలొచ్చని చెప్పి మెదడును చూసింది. భర్త చేయి పట్టుకున్నప్పుడు మెదడులో బెదురు తాలూకు చలనం తగ్గింది. కొత్తవాళ్ల చేయి కూడా కొంత పనిచేసింది, భర్త చేయంత కాదు. దాంపత్యం బాగున్నవాళ్లలో భర్త చేయి ఇంకా బాగా పనిచేసింది.

సోమవారం సాయంత్రం ఆటోలో మా ఇద్దరి చేతులూ చల్లగానే ఉన్నాయి. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఆవిడే నా చేయి పట్టుకుంది. కవరు విప్పేదాకా వదల్లేదు.