టీకా తర్వాత ఆ పావుగంట

పిల్లలూ,

టీకా వేయించుకున్నాక "కాసేపు అక్కడ కూర్చోండి" అంటారు కదా. టీకా పడక ఎవరికైనా ఒళ్లు తేడా చేస్తే వెంటనే చూసుకోవాలని అలా కూర్చోబెడతారు. సాధారణంగా 15 నిమిషాలు. ఈ ఉత్తరం ఆ పావుగంట గురించే.

నేను నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. ఆస్పత్రికి వచ్చేవాళ్ల కంటే రానివాళ్ల గురించే నాకు బెంగ. ఇల్లు లేక రోడ్డు పక్కన పడుకునేవాళ్లు, పని కోసం ఊళ్లు మారేవాళ్లు, జైల్లో ఉన్నవాళ్లు, మత్తుమందు సూదులకు అలవాటుపడ్డవాళ్లు. వాళ్లకు ఆరోగ్యమంటే పట్టదని కొందరంటారు. నేనొప్పుకోను. ఒక పూట వరుసలో నిలబడితే ఆ పూట కూలి పోతుంది. కార్డు చూపించమంటారు, ఉండదు. ఎప్పుడో ఎవరో ఈసడించుకున్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంటుంది. అలాంటి మనిషి ఒక్కసారి మన దాకా వస్తే, మళ్లీ ఎప్పుడొస్తాడో! అందుకే టీకా, రక్త పరీక్ష రెండూ ఆ ఒక్క రాకలోనే అయిపోవాలంటాను.

హెపటైటిస్-బి సంగతే చూడండి. ఈ వైరస్ ఏళ్ల తరబడి పైకి తెలియకుండా కాలేయాన్ని తినేస్తుంది, కొందరికి క్యాన్సర్ దాకా తెస్తుంది. దీనికి మంచి టీకా ఉంది. కానీ వైరస్ అప్పటికే ఒంట్లో పాతుకుపోయి ఉంటే టీకా దాన్ని వెళ్లగొట్టలేదు, వైద్యుడు చూడాలి. హెపటైటిస్-సికి అసలు టీకానే లేదు. అయితే 8 నుంచి 12 వారాలు మాత్రలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమైపోతుంది. నయమయ్యే జబ్బు ఉందని తెలియకుండానే మనిషి వెళ్లిపోతే నాకు మనసొప్పదు.

పరీక్ష ఎంతసేపని! వేలి కొసన చిన్న పోటు. మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క తీసుకుంటాం. వేలంత ప్లాస్టిక్ పట్టీ మీద దాన్ని వేసి, పైన ద్రావణం చుక్కలు వేస్తాం. పట్టీ మీద ఇంగ్లిష్‌లో 'సి', 'టి' అని రెండు గుర్తులుంటాయి. 'సి' పట్టీ పనిచేస్తోందని చెప్పేది, దాని దగ్గర గీత రావాలి, రాకపోతే ఆ పట్టీ లెక్కలోకి రాదు. 'టి' దగ్గర కూడా గీత పడితే, సన్నగా ఉన్నా సరే, జబ్బు ఉండొచ్చని అర్థం, మరో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. ఎలాగూ కూర్చోవాల్సిన సమయమే కదా.

ఇందులో ఒక మెలిక ఉంది. ముందు రక్తం తీయాలి, తర్వాతే టీకా. హెపటైటిస్-బి టీకాలో ఉండేది వైరస్ పైపొరలోని ప్రొటీన్. పరీక్ష వెతికేదీ దాన్నే. టీకా వేశాక కొన్ని రోజుల పాటు జబ్బు లేకపోయినా ఉన్నట్టు చూపించొచ్చు. అలాగని ఫలితం వచ్చేదాకా టీకా ఆపక్కర్లేదు. వైరస్ ముందే ఉన్న మనిషికి టీకా వేసినా హాని లేదు.

హెచ్ఐవి పరీక్షలకని విడిగా బల్ల వేస్తే, ఆ బల్ల ముందు నిలబడటానికే జనం జంకుతారు. చూసేవాళ్ల చూపులు అలాంటివి. టీకా వరుసలో ఆ భయం లేదు, అందరూ నిలబడేదే. పరీక్ష కూడా అక్కడే ఉంటే ఎవరికీ మచ్చ రాదు. కానీ ఒక్క మాట దగ్గర నేను గట్టిగా ఉండేదాన్ని: పరీక్ష వద్దన్నవాళ్లకు టీకా ఆపకూడదు. బలవంతపెడితే మర్నాడు ఆ వీధి మొత్తం మొహం చాటేస్తుంది.

ఫలితం మాత్రం తెర వెనక, ఒక్కరికే, మెల్లగా చెప్పాలి. జబ్బుందని చెప్పి మందెక్కడో చెప్పకపోతే అంతకంటే అన్యాయం లేదు. అందుకే వైద్యం ఎవరు చేస్తారో, ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకున్నాకే సూది చేతబట్టాలి.

వెళ్లేటప్పుడు వాళ్ల చేతిలో ఒక చీటీ పెట్టేదాన్ని. నెల తర్వాత రెండో డోసు, ఆరో నెలలో మూడోది, ఆ తేదీలు మాత్రమే దాని మీద ఉండేవి. జబ్బు పేరు ఎక్కడా రాసేదాన్ని కాదు. జేబులోంచి జారి ఎవరి కంటబడినా, అది ఉత్త టీకా చీటీయే.

ప్రేమతో,
మీ అమ్మమ్మ