కాంటూరు గీతల మీద కొన్ని అపోహలు

మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతే కాంటూరు.

అపోహ: గీత వెళ్లిన ప్రతి చోటా సర్వేయరు ఎత్తు కొలిచాడు.

అలా కొలవాలంటే సర్వే ఎప్పటికీ పూర్తికాదు. దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్‌తో మేం తీసేది అక్కడక్కడా స్పాట్ లెవెల్స్, అంటే విడివిడి పాయింట్ల ఎత్తులు. ఒక పాయింటు 101.2, పక్కది 102.6 అయితే, 102 మీటర్ల గీత ఆ రెంటి మధ్య ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. వాలు ఒకే తీరుగా ఉందనుకుని చేసే లెక్క అది. మధ్యలో గుంట ఉండి అక్కడ లెవెల్ తీయకపోతే, మ్యాపులోనూ గుంట ఉండదు. అందుకే గ్రిడ్ ప్రకారం సమాన దూరాల్లో కొలుస్తూ నడుచుకుంటూ పోతే చాలదు. గట్టు పైనా కిందా, వాగు అడుగునా, వాలు మారిన ప్రతిచోటా పాయింటు పడాలి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. భూమి సాంద్రత తేల్చడానికి స్కాట్లాండ్‌లోని షిహాలియన్ కొండ దగ్గర 1774లో కొలతలు మొదలుపెట్టారు. వాటిని లెక్కగట్టిన చార్లెస్ హటన్, కాగితం మీద చెల్లాచెదురుగా ఉన్న ఎత్తుల్లో సమానమైనవాటిని గీతలతో కలిపాడు.

అపోహ: ఇంటర్వెల్ (పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా) తగ్గిస్తే మ్యాపు మరింత కచ్చితమవుతుంది.

"అదే డేటాతో పావు మీటరు కాంటూర్లు ఇచ్చేయండి" అంటుంటారు. ఇవ్వడం ఒక్క నిమిషం పని. గీతలు పెరుగుతాయి, సమాచారం పెరగదు. అమెరికాలో 1947 నాటి మ్యాపు ప్రమాణం ప్రకారం, పరీక్షించిన పాయింట్లలో 90 శాతం ఎత్తులు ఇంటర్వెల్‌లో సగానికి మించి తప్పకూడదు. అంటే మీటరు ఇంటర్వెల్ మ్యాపులో అర మీటరు తేడా ఉన్నా పాసే. దానిమీద పావు మీటరు గీతలు నా దృష్టిలో ఉత్త ముగ్గు.

అపోహ: రెండు కాంటూర్లు ఎప్పుడూ కలవవు.

నిట్టనిలువు చరియ దగ్గర కలిసిపోతాయి, ముందుకు వంగిన చరియ దగ్గర ఒకదాన్నొకటి దాటుతాయి కూడా. మామూలు ప్లాటులో దాటాయంటే మాత్రం డేటా మళ్లీ చూసుకోండి.

అపోహ: చుట్టూ మూసుకున్న గీత అంటే గుట్టే.

గుంట కూడా కావచ్చు. అంకెలు చదవండి, లోపలివైపు చిన్న అడ్డగీతలుంటే గుంటే. అలాగే వాగును దాటేచోట గీతల మొన ఎగువకు చూపిస్తుంది, నీళ్లు పారే వైపుకి కాదు.

అపోహ: డ్రోన్, జీపీఎస్ వచ్చాక ఇవన్నీ అక్కర్లేదు.

ఫిల్టర్ చేయని డ్రోన్ ఫొటోల డేటాలో చెట్టు కొమ్మలూ నేలగానే లెక్కకొస్తాయి. జీపీఎస్ నేరుగా లెక్కగట్టేది, భూమి ఆకారానికి దగ్గరగా ఉండే ఒక ఊహాత్మక దీర్ఘగోళం నుంచి ఎత్తు. సముద్రమట్టం నుంచి ఎత్తుకీ దానికీ తేడా కొన్నిచోట్ల 100 మీటర్లు కూడా దాటుతుంది. పాత మ్యాపుతో కొత్త సర్వే కలిపేముందు రెండింటి డేటమ్ ఏంటో, అంటే ఎత్తు ఎక్కడి నుంచి లెక్కించారో అడగండి.