కీ ఫైల్ లేకుండా డిప్లాయ్ అవదా? క్లౌడ్ రన్ ఆటోమేషన్‌పై అపోహలు - వాస్తవాలు

గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ మారగానే బిల్డ్, డిప్లాయ్ పనులు తనే నడిపే గిట్‌హబ్ సేవ) నుంచి గూగుల్ క్లౌడ్ రన్‌కి (కంటైనర్‌లో పెట్టిన యాప్‌ని నడిపే సేవ) ఆటోమేటిక్‌గా డిప్లాయ్ చేయడం గురించి నాకు వచ్చే ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. "అన్నా, సర్వీస్ అకౌంట్ జేసన్ కీ డౌన్‌లోడ్ చేసి సీక్రెట్స్‌లో పెట్టాను. అయినా పర్మిషన్ ఎర్రర్ వస్తోంది. ఓనర్ రోల్ ఇచ్చేయనా?"

ఇవ్వద్దు. అసలు ఆ కీ కూడా వద్దు. సర్వీస్ అకౌంట్ అంటే మనిషికి కాక ప్రోగ్రామ్‌కి ఇచ్చే క్లౌడ్ అకౌంట్, జేసన్ కీ దానికి పాస్‌వర్డ్ లాంటి ఫైల్, ఓనర్ రోల్ అంటే ప్రాజెక్ట్ మీద సర్వహక్కులు. రాత్రి పదకొండింటికి డెమో టెన్షన్‌లో ఫోన్ చేసినవాళ్లకి ఇదంతా వివరించే టైమ్ ఉండదు. అందుకే తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆటోమేట్ చేయాలంటే జేసన్ కీ తప్పదు, గిట్‌హబ్ సీక్రెట్స్‌లో పెడితే సేఫ్

వాస్తవం: రెండూ తప్పే. పాత ట్యుటోరియల్స్ చూసి నేర్చుకున్నవాళ్లని నేనేమీ అనను, వాళ్లకి అలాగే చెప్పారు. ఈ రోజుకీ అదే పద్ధతిని కొత్త వీడియోల్లో నేర్పిస్తున్నవాళ్ల మీదే నా కోపమంతా.

గిట్‌హబ్ సీక్రెట్స్‌లో పెట్టింది ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది, దానితో పేచీ లేదు. పేచీ అంతా ఆ ఫైల్ అక్కడికి చేరే దారిలో ఉంది. ముందు మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. లోకల్‌గా టెస్ట్ చేద్దామని ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోకి కాపీ చేస్తారు. పక్కనున్న అబ్బాయికి కావాలంటే వాట్సాప్‌లో పంపుతారు. డాకర్‌ఫైల్‌లో "కాపీ డాట్ డాట్" అని, ఫోల్డర్‌లో ఉన్నదంతా కాపీ చేయమనే ఒక లైన్ ఉంటుంది, ఏవి వదిలేయాలో చెప్పే డాకర్‌ఇగ్నోర్ ఫైల్ ఉండదు. దాంతో కీ నేరుగా ఇమేజ్‌లోకి (యాప్‌ని ప్యాక్ చేసిన కట్టలోకి) వెళ్లిపోతుంది. గిట్‌లోకి వెళ్లిందనుకోండి, తర్వాతి కమిట్‌లో డిలీట్ చేసినా హిస్టరీలో అలాగే ఉంటుంది. పైగా ఈ కీకి మామూలుగా గడువు తేదీ ఉండదు. తయారు చేసినతను ఉద్యోగం మారిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది.

తెలిసినవాళ్ల చిన్న కంపెనీలో సరిగ్గా ఇదే జరిగింది. ఇమేజ్‌ని పబ్లిక్ రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే చోటు) పుష్ చేశారు, లోపల కీ ఉంది, ఆ కీకి ఎడిటర్ రోల్ (ప్రాజెక్ట్‌లో చాలావాటిని సృష్టించే, మార్చే హక్కు) ఉంది. వాళ్లెప్పుడూ వాడని రీజియన్లలో పెద్ద పెద్ద మెషీన్లు లేచి క్రిప్టో మైనింగ్ చేస్తున్నాయి. నేను వెళ్లేసరికి పుష్ చేసిన కుర్రాడు పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. రిపో డిలీట్ చేశాను, ఇమేజ్ కూడా తీసేశాను, ఇంకేం చేయాలో తెలియడం లేదని అన్నాడు. కీని మాత్రం ఎవరూ డిజేబుల్ చేయలేదు. ఉద్యోగం పోతుందన్న భయంలో మనిషికి ఆ ఒక్కటే తట్టలేదు, అది సహజం.

మీకెప్పుడైనా ఇలా జరిగితే ముందు కీ డిజేబుల్ చేయండి. దానితోనే ఆగిపోవద్దు. ఆ కీతో అప్పటికే తీసుకున్న టోకెన్లు (తాత్కాలిక పాస్‌లు) గడువు తీరేదాకా పనిచేస్తాయి కాబట్టి వీలైతే ఆ సర్వీస్ అకౌంట్‌నే డిజేబుల్ చేయండి. తర్వాత ఎవరు ఏం చేశారో రాసి ఉండే ఆడిట్ లాగ్స్ తెరిచి, ఆ అకౌంట్ పేరుతో కొత్త కీలు, కొత్త అకౌంట్లు ఏమైనా పుట్టాయేమో చూడండి. మెషీన్ల కోసం మీరు వాడే ముంబయి రీజియన్ ఒక్కటే చూస్తే చాలదు, అన్ని రీజియన్లూ వెతకాలి. ఆ తర్వాత బిల్లింగ్ సపోర్ట్‌కి జరిగింది జరిగినట్టు రాయండి. దాచిపెడితే నష్టం పెరగడమే తప్ప తగ్గదు.

మరి కీ లేకుండా గిట్‌హబ్ లోపలికి ఎలా వస్తుంది? దీనికి వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్ ఉంది. 2021 నుంచి గిట్‌హబ్ యాక్షన్స్ ప్రతి జాబ్‌కీ సంతకం చేసిన ఒక టోకెన్ ఇవ్వగలదు. ఏ రిపో, ఏ బ్రాంచ్, ఏ వర్క్‌ఫ్లో నుంచి వచ్చిందన్నది అందులో రాసి ఉంటుంది. గూగుల్ ఆ సంతకాన్ని సరిచూసి, మీరు పెట్టిన షరతుకి సరిపోతే కొద్దిసేపు మాత్రమే పనిచేసే యాక్సెస్ ఇస్తుంది. సర్వీస్ అకౌంట్ తరఫున తీసుకునే యాక్సెస్ టోకెన్‌కి మామూలుగా గంట గడువు. తిరుమలలో ఆధార్ చూపించి తీసుకునే టైమ్ స్లాట్ టోకెన్ లాంటిది: ఆ మనిషికే, ఆ పూటకే. ఎక్కడా ఏ ఫైలూ దాచుకోనక్కర్లేదు.

దీన్ని సెట్ చేసేటప్పుడు జనం ఆగిపోయే చోట్లు రెండు. మొదటిది, వర్క్‌ఫ్లో ఫైల్‌లో పర్మిషన్స్ కింద ఐడీ-టోకెన్‌కి రైట్ అని రాయకపోవడం. అది రాయకపోతే గిట్‌హబ్ టోకెనే ఇవ్వదు. రాసినవాళ్లలో కొందరికి వెంటనే ఇంకో ఎర్రర్: ప్రైవేట్ రిపో చెకౌట్ ఫెయిల్. పర్మిషన్స్ బ్లాక్ మీరు రాశారంటే అందులో చెప్పనివన్నీ ఆగిపోతాయి. కాబట్టి కంటెంట్స్‌కి రీడ్ కూడా రాయాలి.

రెండోది షరతు, అసలు ప్రమాదమంతా ఇక్కడే. టోకెన్లు ఇచ్చే గిట్‌హబ్ చిరునామా ప్రపంచంలో అందరికీ ఒకటే. "గిట్‌హబ్ నుంచి వచ్చింది చాలు" అన్నట్టు వదులుగా షరతు పెట్టి, బయటి గుర్తింపుల కోసం మీరు పెట్టిన పూల్ మొత్తానికీ సర్వీస్ అకౌంట్‌ని వాడుకునే హక్కు ఇచ్చేస్తే, ముక్కూ మొహం తెలియనివాడి రిపో కూడా మీ ప్రాజెక్ట్ గుమ్మం దాటగలదు. మీ ఆర్గనైజేషన్‌కి, మీ రిపోకి కచ్చితంగా కట్టేయండి. పేర్లకి బదులు నంబర్ రూపంలో ఉండే ఐడీలు వాడితే ఇంకా మంచిది. ఎందుకంటే మీరు వదిలేసిన పేరుని రేపు ఇంకొకరు తీసుకోవచ్చు, ఐడీ అలా చేతులు మారదు. ప్రొడక్షన్‌కైతే మెయిన్ బ్రాంచ్ అని కూడా చేర్చండి.

ఇప్పటికే కీ వాడుతున్నవాళ్లు కంగారుపడి ఇవాళే పీకేయనక్కర్లేదు. కొత్త పద్ధతి పక్కనే సెట్ చేసి, దానితో ఒక డిప్లాయ్ సవ్యంగా జరిగాక పాత కీని డిజేబుల్ చేయండి. అప్పటికి అందరూ మర్చిపోయిన, వేళకి తనంతట తానే నడిచే ఏ క్రాన్ జాబో దాన్నే వాడుతూ ఉంటే అప్పుడు బయటపడుతుంది, మళ్లీ ఎనేబుల్ చేసి దాన్నీ మార్చుకోవచ్చు. డిలీట్ చేశాక వెనక్కి రాదు కనుక అది ఆఖరున.

అపోహ: పర్మిషన్ ఎర్రర్ వస్తే ఓనర్ రోల్ ఇస్తే పోతుంది

వాస్తవం: పోతుంది, పైన చెప్పిన కథకి దారి కూడా వేస్తుంది. మీకు వచ్చే ఎర్రర్‌ని ఒక్కసారి చివరిదాకా చదవండి. చాలాసార్లు అందులో "యాక్ట్ యాజ్" అనే మాట ఉంటుంది. డిప్లాయ్ చేసే అకౌంట్ వేరు, యాప్ నడిచేటప్పుడు వాడే అకౌంట్ వేరు. రెండోదాన్ని వాడుకునే అనుమతి మొదటిదానికి లేదని ఆ ఎర్రర్ చెబుతోంది. కావలసినవి మూడే: క్లౌడ్ రన్ డెవలపర్, ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీ (గూగుల్‌లో ఇమేజ్‌లు దాచే చోటు) రైటర్, ఆ రన్‌టైమ్ (యాప్ నడిచేటప్పటి) అకౌంట్ మీద మాత్రమే సర్వీస్ అకౌంట్ యూజర్. సర్వీస్‌ని పబ్లిక్‌కి తెరవడానికి అడ్మిన్ స్థాయి హక్కు కావాలి. ఆ పని మొదట్లో ఒకసారి చేత్తో చేసేస్తే పైప్‌లైన్‌కి (గిట్‌హబ్ తనే నడిపే బిల్డ్-డిప్లాయ్ వరస) ఆ హక్కు అవసరమే ఉండదు.

రన్‌టైమ్‌కి ఏమీ చెప్పకపోతే డిఫాల్ట్ కంప్యూట్ అకౌంట్‌ని తీసుకుంటుంది. పాత ప్రాజెక్టుల్లో దానికి ఎడిటర్ రోల్ ఉండే అవకాశం ఎక్కువ. ప్రతి సర్వీస్‌కీ వేరే అకౌంట్ పెట్టుకోండి.

అపోహ: లేటెస్ట్ ట్యాగ్‌తో పుష్ చేస్తే చాలు, క్లౌడ్ రన్ తనే కొత్తది తీసుకుంటుంది

వాస్తవం: తీసుకోదు. డిప్లాయ్ చేసిన క్షణంలో ఆ ట్యాగ్ (ఇమేజ్‌కి అంటించే పేరు) ఏ డైజెస్ట్‌ని (ఇమేజ్‌కి ఉండే మారని గుర్తింపు) చూపిస్తోందో దాన్నే ఆ రివిజన్ (ఆ డిప్లాయ్‌తో పుట్టిన వెర్షన్) పట్టుకుంటుంది. తర్వాత మీరు లేటెస్ట్‌ని ఎన్నిసార్లు మార్చినా నడుస్తున్న రివిజన్ కదలదు. "కోడ్ మారింది కానీ సైట్ మారలేదు" అని బ్రౌజర్ కాష్ క్లియర్ చేస్తూ కూర్చునేవాళ్లలో చాలామంది సంగతి ఇదే. కమిట్ ఐడీనే ట్యాగ్‌గా పెట్టి, దానితో డిప్లాయ్ చేయండి. ఏ కోడ్ నడుస్తోందో కన్సోల్‌లో చూడగానే తెలుస్తుంది.

అపోహ: డిప్లాయ్ ఫెయిలైతే సైట్ పడిపోతుంది. పైప్‌లైన్ గ్రీన్ అయితే అంతా బాగున్నట్టే

వాస్తవం: మొదటిది భయం, రెండోది ధీమా. రెండూ వదిలేయండి. కొత్త రివిజన్ లేవకపోతే ట్రాఫిక్ పాతదాని దగ్గరే ఉంటుంది, మీ యూజర్లకి తేడా తెలియదు. కాబట్టి రెడ్ చూడగానే చెమటలు పట్టాల్సిన పని లేదు. పోర్ట్ మీద వినడం లేదని ఎర్రర్ వస్తే రెండు విషయాలు చూడండి. మీ యాప్ 127.0.0.1 మీద (కంటైనర్ లోపలివాళ్లకే అందే చిరునామా) కూర్చుందా? 0.0.0.0 మీద, పోర్ట్ వేరియబుల్‌లో వచ్చిన నంబర్‌తో వినాలి. మామూలుగా అది 8080. ఇమేజ్‌ని కొత్త మ్యాక్‌లో బిల్డ్ చేశారా? అది ఆర్మ్ ఇమేజ్ అవుతుంది, క్లౌడ్ రన్‌కి ఏఎండీ64 కావాలి.

గ్రీన్ విషయానికొస్తే, మీరు వేరే చెక్ ఏదీ పెట్టకపోతే క్లౌడ్ రన్ చూసేది పోర్ట్ తెరుచుకుందా లేదా అన్నంతవరకే. మీ లాగిన్ పేజీ పనిచేస్తోందా అన్నది దానికి పట్టదు. ట్రాఫిక్ ఇవ్వకుండా, రివిజన్‌కి ఒక ట్యాగ్ పెట్టి (ఇది ఇమేజ్ ట్యాగ్ కాదు) డిప్లాయ్ చేస్తే ఆ రివిజన్‌కి విడిగా ఒక లింక్ వస్తుంది. పైప్‌లైన్ ఆ లింక్‌ని పరీక్షించాకే ట్రాఫిక్ మార్చాలి. తేడా వస్తే మళ్లీ బిల్డ్ చేయకుండానే పాత రివిజన్‌కి మళ్లించవచ్చు. డేటాబేస్ టేబుల్స్‌లో చేసిన మార్పులు మాత్రం దానితో వెనక్కి రావు. అందుకే కాలమ్ తీసేసే మార్పుని కోడ్‌తో కలిపి ఒకే డిప్లాయ్‌లో పంపొద్దని మా టీమ్‌లో గట్టిగా చెబుతాను.

ఇంకొన్ని

గూగుల్ పాత సేవ కంటైనర్ రిజిస్ట్రీకి పుష్ చేయమనే ట్యుటోరియల్ కనిపిస్తే మూసేయండి. ఆ సేవ 2025 మార్చి 18న ఆగిపోయింది, ఇప్పుడు ఆర్టిఫాక్ట్ రిజిస్ట్రీయే.

సర్వర్‌లెస్ అంటే మొదటి రిక్వెస్ట్ ఎప్పుడూ నెమ్మదేనన్నది కూడా నిజం కాదు. మినిమమ్ ఇన్‌స్టాన్సెస్ ఒకటి పెడితే ఒక కంటైనర్ ఎప్పుడూ మెలకువగా ఉంటుంది, దానికి ఖర్చు ఉంటుంది.

బడ్జెట్ పెడితే ఆ మొత్తం దాటగానే సర్వీస్ ఆగిపోతుందని చాలామంది ధైర్యంగా ఉంటారు. ఆగదు. బడ్జెట్ తనంతట చేసేది హెచ్చరిక పంపడమే. ఖర్చుని నిజంగా అదుపులో ఉంచేది మ్యాక్సిమమ్ ఇన్‌స్టాన్సెస్ సెట్టింగ్, దాన్ని పైప్‌లైన్‌లోనే రాసి పెట్టండి. ఆ నంబర్ వేసేటప్పుడు మీ డేటాబేస్‌ని కూడా చూడండి. ఒక్కో ఇన్‌స్టాన్స్ ఐదు కనెక్షన్లు తెరిస్తే 20 ఇన్‌స్టాన్స్‌లకి 100 అవుతాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిఫాల్ట్ పరిమితి 100, అందులో కొన్ని సూపర్‌యూజర్ (డేటాబేస్ అడ్మిన్) కోసం పక్కన పెట్టి ఉంటాయి. 15 దగ్గర ఆపండి.