నిచ్చెన మీద మీది ఎన్నో మెట్టు?

"చలికాలంలో సూర్యుడే సరిగా కనపడని ఫిన్లాండ్‌వాళ్లు మనకంటే సంతోషంగా ఉన్నారంటే నమ్మమంటారా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా ఏటా మొదటి స్థానం ఫిన్లాండ్‌దే. 2025లో 147 దేశాల్లో మనది 118. అయితే ఈ ర్యాంకులకు ఆధారమైన ప్రశ్నలో సంతోషం అన్న మాటే లేదు!

ఒక నిచ్చెన ఊహించుకోమంటారు. అడుగున సున్నా, పైన పది. పై మెట్టు మీకు సాధ్యమైన అన్నిటికన్నా మంచి బతుకు, కింది మెట్టు అన్నిటికన్నా చెడ్డది. ఇప్పుడు మీరెక్కడున్నారు? 1960లలో హ్యాడ్లీ కాంట్రిల్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చిన ప్రశ్న ఇది. గాలప్ అనే సర్వే సంస్థ సాధారణంగా దేశానికి ఏటా వెయ్యిమందిని అడుగుతుంది, మూడేళ్ల సగటు తీస్తారు. ఫిన్లాండ్‌కి 7.7, మనకి 4.4 వచ్చాయి.

మీటరు ఎక్కడైనా మీటరే. ఈ నిచ్చెనకి మాత్రం రెండు చివరలూ జవాబు చెప్పేవాళ్లే పెట్టుకుంటారు. కూతురి చదువు పూర్తయితే చాలనుకునే తల్లి పదో మెట్టూ, డాలస్‌లో ఇల్లు కొనాలనుకునే కుర్రాడి పదో మెట్టూ ఒకే ఎత్తులో ఉండవు. ఆమె ఏడునీ అతని నాలుగునీ ఎలా పోల్చాలి? దీనికో చక్కని ఉపాయం ఉంది. ఒక కల్పిత మనిషి కథ అందరికీ చెప్పి, ఆ మనిషిని ఏ మెట్టు మీద నిలబెడతారని అడుగుతారు. కథ ఒకటే కాబట్టి జవాబుల్లో తేడా కొలబద్దల్లోని తేడాయే. దాన్ని బట్టి ఎవరి సొంత మార్కుని వాళ్లకి సరిచేస్తారు. తమను కొలిచినట్టే ఎదుటివాళ్లనీ కొలుస్తారన్న నమ్మకం మీదే ఇదంతా నిలబడుతుంది.

నిచ్చెన బొమ్మ కూడా ఊరుకోదు. బ్రిటన్‌లో 1500 మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2024లో వచ్చింది. నిచ్చెన అనగానే వాళ్ల ఆలోచన డబ్బు, అధికారం వైపు ఎక్కువగా మళ్లింది. ఆ మాట తీసేస్తే అది తగ్గింది. వైకుంఠపాళి ఆడి పెరిగిన మనకి నిచ్చెనతోపాటు పామూ గుర్తొస్తుంది కదా!

ఇక దిష్టి. దాన్ని నేను నమ్మను. కానీ పసిబిడ్డకి దిష్టిచుక్క పెట్టే బామ్మ, గుమ్మంలో నిలబడిన కొత్తమనిషితో "నాది తొమ్మిదో మెట్టు" అంటుందా? "ఏదో, అలా గడిచిపోతోంది బాబూ" అంటుంది. మరీ సంతోషిస్తే వెనకే కష్టం వస్తుందన్న ఈ భయం చాలా సంస్కృతుల్లో ఉంది. మొహ్సెన్ జోషన్‌లూ అనే పరిశోధకుడు దాన్ని కొలవడానికే ఒక ప్రశ్నావళి తయారుచేశారు.

గాలప్ మరో ప్రశ్న కూడా అడుగుతుంది: నిన్న బాగా నవ్వారా? ఇలాంటి ప్రశ్నలతో వేసే లెక్కలో చాలా ఏళ్లు ముందున్నది ఫిన్లాండ్ కాదు, పరాగ్వే.