రొయ్యల చెరువు పక్కన వరి చేను: అపోహలు - వాస్తవాలు

భీమవరం దగ్గర నీళ్ళు, మట్టి పరీక్షించే చిన్న ల్యాబ్‌లో పని చేస్తాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రొయ్య రైతులే, నా జీతం వాళ్ళ డబ్బే. కాబట్టి రొయ్యను తిట్టడానికి ఇది రాయడం లేదు. కానీ చెరువు రైతూ వరి రైతూ మా బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని చెప్పుకునే మాటల్లో కొన్ని నిజం కావు.

అపోహ: వెనామీ (ఇప్పుడు చెరువుల్లో ఎక్కువగా పెంచే రొయ్య రకం) చప్పటి నీళ్ళలోనూ పెరుగుతుంది, ఇక పక్క చేనుకి ఉప్పెలా వస్తుంది?

పెరిగే మాట నిజమే. అర పీపీటీ (లీటరు నీళ్ళలో సుమారు అర గ్రాము ఉప్పు) నుంచి సముద్రపు ఉప్పు దాకా తట్టుకుంటుంది. అయితే మరీ చప్పటి నీళ్ళలో పెంకు సరిగ్గా గట్టిపడదు. అందుకని ఉప్పు బోరు నీళ్ళు కలిపి నాలుగైదు పీపీటీకి తెచ్చుకుంటారు. రొయ్యకి అది తక్కువే, వరికి కాదు. వేళ్ళ దగ్గర మట్టి ఈసీ (ఉప్పుని కొలిచే విద్యుత్ వాహకత) 3 దాటితే వరి దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. ఆపైన ఒక్కో పాయింటుకి సుమారు 12 శాతం పోతుంది. 5 పీపీటీ నీళ్ళ ఈసీ 9 దగ్గర ఉంటుంది.

ఒక దాళ్వాలో (రెండో పంట వరిలో) ఒకాయన కూల్‌డ్రింక్ సీసాలో మడి నీళ్ళు తెచ్చారు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి ఆయన్నే చూడమన్నాను. గీత రెండు పీపీటీ దగ్గరుంది. "రెండే కదండీ!" అని ఊపిరి పీల్చుకున్నారు. రొయ్య రైతుల నోట పది, పదిహేను వినీ వినీ రెండంటే ఏమీ లేదనుకున్నారు పాపం. మర్నాడు చేనుకి వెళ్ళాను. చెరువు గట్టు వెంబడి నాలుగు బారల మేర దుబ్బుల ఆకు కొసలు తెల్లబడి చుట్టుకుపోయాయి, లోపలికి వెళ్ళేకొద్దీ చేను పచ్చగానే ఉంది. ఊట గట్టు కింద నుంచి వస్తోందని చెప్పడానికి రిపోర్టు అక్కర్లేదు. మధ్యలో ఊట కాలువ తీసి ఉంటే చాలావరకు ఆగేది. కాలువకి తన జాగా పోతుందని చెరువాయన ఒప్పుకోలేదు.

అపోహ: చెరువుకిచ్చిన లీజు అయ్యాక జిప్సం చల్లి మళ్ళీ వరి వేసుకోవచ్చు.

జిప్సం ఉప్పుని తినెయ్యదు. మట్టిని పట్టుకున్న సోడియాన్ని కాల్షియంతో తోసేస్తుంది, అంతే. అలా విడిపోయిన సోడియాన్ని మంచినీళ్ళతో కడిగి మురుగు కాలువలోకి పంపాలి. చుట్టూ చెరువులుంటే ఆ కాలువే ఎదురు తన్నుతుంది. పైగా పైమట్టి గట్లకి పోయి ఉంటుంది. మళ్ళీ వరిలోకి వచ్చినవాళ్ళు లేరని కాదు, కానీ ఆ ఖర్చు ఎవరిదో లీజు కాగితంలో రాసుకోరు. సంతకానికి ముందే మట్టి పరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి.

అపోహ: చెరువు తవ్వినవాళ్ళంతా ఆశకి పోయినవాళ్ళే.

మూడు వైపులా చెరువులొచ్చాక మధ్యలో మిగిలిన ఎకరం చేనుకి నీళ్ళొచ్చే బోదె పూడిపోతుంది, కోత మిషను వెళ్ళే దారి ఉండదు. ఆ ఎకరం ఆసామి చెరువుకిస్తే దాన్ని ఆశ అనలేను. కౌలు రైతునైతే అసలు అడిగేవాళ్ళే ఉండరు. లీజు డబ్బు భూమి గలాయనకి వెళ్తుంది, ఈయన చేసుకునే పొలం పోతుంది. నాట్లూ కలుపూ ఆడవాళ్ళ పనులు, అవీ పోయాయి. చెరువు మీద కాపలాకి ఒక కుటుంబం చాలు. ప్లాంట్లలో రొయ్య వలిచే పని దొరికిందంటారు, నిజమే. వ్యాను ఎక్కి వెళ్ళి, రోజంతా చల్లటి నీళ్ళలో చేతులు పెట్టగలిగినవాళ్ళకి.

అపోహ: ఊళ్ళో నీళ్ళు ఉప్పెక్కడం మొత్తం చెరువుల పాపమే.

ఇది వరి రైతులకి రుచించదు. సముద్రం వైపు ఊళ్ళలో చాలాచోట్ల బోరు నీళ్ళు రొయ్యలు రాకముందు కూడా ఉప్పే. అందుకే మంచినీళ్ళ చెరువు తవ్వి గోదావరి కాలువతో నింపుకునేవారు. పైనున్న పలచటి తీపి నీటి పొర పాడవడంలో, కాలువలో మురుగు కలవడంలో మాత్రం రొయ్యల చెరువుల వాటా ఉంది.

అపోహ: అందరూ తవ్వుతున్నారంటే చట్టం ఒప్పుకున్నట్టే.

తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు పంట భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దంది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, దాని మార్గదర్శకాలూ అదే చెబుతాయి. అమలు సంగతి మీ ఊరి గట్టెక్కి చూసుకోండి.

అపోహ: రొయ్యలకి వచ్చే వైట్ స్పాట్ (తెల్లమచ్చల జబ్బు) యాంటీబయాటిక్‌తో తగ్గుతుంది.

అది వైరస్. యాంటీబయాటిక్‌తో ఖర్చే తప్ప ఫలితం ఉండదు, పైగా ఎగుమతి సరుకులో అవశేషాలు దొరికితే కంటైనరే వెనక్కి వస్తుంది. జబ్బొచ్చిన చెరువు నీళ్ళని క్లోరిన్ వేసి నిలవబెట్టాలి. చాలామంది రాత్రికి రాత్రే మురుగు కాలువలోకి వదిలేస్తారు. దిగువ చెరువులకి నీళ్ళు తోడుకునేదీ అందులోంచే.

ఊట కాలువకి ఒప్పుకోని చెరువాయన కూడా తర్వాత ఒకరోజు మా దగ్గరికి వచ్చారు, ఐసులో చచ్చిన రొయ్యలు పెట్టుకుని. వైరస్‌ని పట్టే పీసీఆర్ పరీక్షలో వైట్ స్పాట్ తేలింది. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఎగువన నీళ్ళొదిలింది ఎవరో తెలుసా అండీ?" అని అడిగారు.